అన్న ఊపిరి తీసుకునే చోట

పెళ్లి మేళంలో ఇద్దరు సన్నాయి వాయిస్తుంటే, ఒకరు ఊపిరి తీసుకునే చోట రెండోవాడు అందుకోవాలి. పాట తెగినట్టు పెళ్లివారికి తెలియకూడదు. మా పెదనాన్న కొడుకూ నేనూ మీసాలు రాకముందు నుంచీ అలాగే వాయించాం. అన్న భుజం కాస్త లేచిందంటే చాలు, నా సన్నాయి పలికేది.

మా ఇద్దరికీ పడనిది ఒక్కటే. అన్నకు రాగం కావాలి, గంటసేపు వాయించినా తనివి తీరదు. నాకు సినిమా పాటలు కావాలి, ఊళ్లలో జనం అడిగేవి అవే మరి.

"అడిగిందల్లా వాయించడానికి మనమేమన్నా గ్రామఫోను పెట్టెలమంట్రా?" అనేవాడు అన్న. నేను పాట ఎత్తుకుంటే చరణం ముగియకుండానే తన రాగంలోకి లాక్కుపోయేవాడు.

చిలకలూరిపేట దగ్గర ఒక మిరప రైతు ఇంట్లో పెళ్లి. వారం రోజులు కష్టపడి నేనే ఒక వరస కట్టుకున్నాను. ముహూర్తానికి ముందు దాన్ని మొదటిసారి ఎత్తుకున్నాను. అన్న సగంలోనే తుంచేసి కల్యాణి మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి అన్న భుజం లేచింది. నేను సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పాట తెగింది. డోలు ఒక్కటే మోగింది. పెళ్లివారిలో ఒక్కరూ తల తిప్పలేదు. అన్న నా వైపు చూడకుండా ఊపిరి పీల్చుకుని, తాళి కట్టేదాకా ఒక్కడే వాయించాడు. తర్వాత సన్నాయి గుడ్డలో చుట్టుకుంటూ, "ఇక నీ పాటలు నువ్వు వాయించుకోరా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ ఏడే సింగరాయకొండ వెళ్లి వేరే మేళంలో చేరిపోయాడు. నేను ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని నాకిష్టమైన పాటలన్నీ వాయించాను. ఎవరూ అడ్డు రాలేదు. తుంచేవాడు లేక నా వరసలన్నీ చప్పబడిపోయాయి. అన్న కావాలనిపించని పెళ్లి లేదు.

నాలుగేళ్ల తర్వాత సింగరాయకొండ తిరునాళ్లలో జనం వెనక నిలబడి అన్న సన్నాయి విన్నాను. అతని భుజం లేచినప్పుడల్లా నాకు తెలియకుండానే రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుంటున్నాను. అన్న పక్కన సన్నాయి పట్టినాయన ప్రతిసారీ చక్కగా అందుకున్నాడు. ఒక్కసారైనా తప్పుతాడేమోనని చివరిదాకా నిలబడ్డాను. తప్పలేదు. అన్నను పలకరించకుండానే ఒంగోలు బస్సెక్కాను.