గ్రహణం పూట కత్తెర

మొన్న జగిత్యాలలో బస్సెక్కితే, డ్రైవరు సీటు వెనక ఎవరో పెట్టిన గోనెసంచిలోంచి తడిపిన తునికాకు వాసన వచ్చింది. మట్టీ, పచ్చితోలూ, కాస్త పొగాకూ కలిసినట్టుండే ఆ వాసనకు పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది కానీ, నేను కోరుట్ల దాకా దాన్ని పీలుస్తూనే కూర్చున్నాను. చిన్ననాటి సంగతులు గుర్తొస్తే మనసు తేలికవుతుందని అందరూ రాస్తుంటారు. నాకు మాత్రం ఎప్పుడూ ఒళ్లు బరువెక్కి, ఎక్కడైనా కాసేపు కూలబడాలనిపిస్తుంది.

కోరుట్లలో మా వాడ ఆడవాళ్లందరూ తునికాకుతో బీడీలు చేసేవాళ్లు. చలికాలం ఎండ అరుగు మీదికి రాగానే నాయినమ్మ, అమ్మ, చిన్నమ్మ ఒళ్లో చాటలు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. ఆకు మీద కొలత రేకు పెట్టి దాని చుట్టూ కత్తెర తిప్పే చప్పుడు మధ్యాహ్నం అన్నాల దాకా ఆగేది కాదు. చిన్నమ్మంటే మా చిన్నాయిన భార్య. ఆయన సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేస్తూ, ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. వాడలో చిన్నమ్మంత వేగంగా ఆకు కోసేవాళ్లు లేరు, నాకు ఆ పని నేర్పింది కూడా ఆమే.

గ్రహణమనే మాట మా ఇంట్లో ఆకాశం గురించి కన్నా మనుషుల గురించే ఎక్కువగా వినబడేది. నేను తల దువ్వుకోకుండా తిరిగితే "ఏం గ్రహణం వట్టిందే నీకు" అనేది నాయినమ్మ, ఒక ఆదివారం తప్పి పదిహేను రోజులకు చిన్నాయిన ముఖం కనబడితే "గ్రహణం ఇడిశినట్టయింది కొడుకా" అనేది. ఆ ఏడు తెలంగాణ కొట్లాట జోరు మీదుంది, బస్సులు బంద్, బడి బంద్, రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు. చాయ్ హోటల్ ముందు పెద్దవాళ్లు "మనకు వట్టిన గ్రహణం ఎన్నడిడుస్తదో" అనుకునేవాళ్లు. మా సారు మాత్రం గ్రహణమంటే పట్టుకోవడమనీ, ఆకాశంలో పట్టుకునే పామేదీ లేదనీ, సూర్యుడికీ మనకూ మధ్య చంద్రుడు అడ్డం వస్తే పడే నీడ అనీ నల్లబల్ల మీద మూడు గుండ్రాలు గీసి చెప్పాడు. నేను సారు చెప్పింది పరీక్షలో రాశాను, ఇంటికొచ్చి నాయినమ్మ చెప్పింది నమ్మాను. ఐదో తరగతి పిల్లకు ఆ రెండూ ఒకే బుర్రలో ఇమిడాయి.

ఆ ఏడు గ్రహణం సంక్రాంతికి సకినాలు చుట్టే రోజుల్లో, పట్టపగలు వచ్చింది. నువ్వులూ వామూ కలిసిన కమ్మటి వాసన ఇంకా ఇంట్లో ఉండగానే నాయినమ్మ సకినాల డబ్బాలో, మామిడికాయ తొక్కులో, నీళ్ల బిందెలో గరిక పోచలు వేసింది. ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలిని నిటారుగా నిలబెట్టింది, అది పడితే గ్రహణం విడిచినట్టు. చిన్నమ్మకు అప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నామె గ్రహణం పూట ఏదైనా కోస్తే పుట్టే పిల్లకు పెదవి తెగుతుందని మా దగ్గర గట్టి నమ్మకం. అందుకని అర్రలో కిటికీకి గోనె కట్టి, చాప మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, నన్ను కావలి ఉంచి తలుపేసింది నాయినమ్మ.

బందుల వల్ల మూతపడ్డ బీడీల కార్ఖానా మర్నాడే తెరుస్తున్నారు. ఒంట్లో బాగాలేక చిన్నమ్మ అంతకుముందే రెండుసార్లు బీడీలు ఇవ్వలేదు, ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తామన్నారు. ముందురోజు తడిపిన ఆకు బట్టలో చుట్టి ఆ అర్రలోనే ఉంది, ఆ పూట కోయకపోతే చెడిపోతుంది.

"రేపు పొద్దుగాల ఏమియ్యాలెనే" అంది చిన్నమ్మ, పైకప్పు చూస్తూ.

"నేను కోస్త చిన్నమ్మా."

"వద్దు, మీ నాయినమ్మ ఇంటది" అంది, మళ్లీ తనే "మెల్లగ కొయ్యి" అంది.

గోనె పక్కనుంచి వచ్చే సన్నటి వెలుగులో కోస్తూ పోయాను. ఆమె చేతులు రెండూ చాప మీద బారుగా చాచుకుని, వేలు కూడా కదపకుండా పడుకుంది. బయట రోకలి పడ్డ చప్పుడు వినగానే కత్తెర చాప కిందికి తోశాను గానీ, కింద రాలిన ఆకు ముక్కలు ఎత్తే లోపే తలుపు తెరుచుకుంది.

"ఎవ్వలు కోసిండ్రు గీ ఆకు?"

నేను నోరు తెరవక ముందే చిన్నమ్మ "నేనే, అత్తమ్మా" అంది. నాకు దెబ్బలు పడతాయని అలా అంది. ఆ రోజుకు అది తిట్లతో పోయింది, అందరం తలస్నానాలు చేసి అన్నం తిన్నాం.

ఎండాకాలంలో పుట్టిన పిల్లవాడికి పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. వాడు పాలు కుడవలేకపోతే చిన్నమ్మ వాటిని పిండి, చెంచాతో బొట్టుబొట్టుగా పోసేది, పోసినదాంట్లో సగం ముక్కులోంచి బయటికొచ్చేది. ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేస్తుంటే వచ్చినవాళ్లంతా పిల్లవాణ్ని చూసి, ఆ తర్వాత ఆమె చేతుల వంక చూశారు. "కత్తెర వట్టిందట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చిన్నాయిన ఆమెతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆమె పట్టలేదు, నేను పట్టాను అని ఒక్క మాటంటే ఆమె బయటపడేది. మొదట దెబ్బలకు భయపడ్డాను, తర్వాత తమ్ముడి పెదవి నా చేత్తోనే తెగిందేమోనని వణికాను, ఆ తర్వాత ఇన్నాళ్లు దాచానని సిగ్గుపడ్డాను. మొత్తానికి చెప్పలేదు.

తమ్ముడికి ఆపరేషనయింది, ఇప్పుడు మీసం చాటున సన్నటి గీత తప్ప ఏమీ తెలియదు. నేను నర్సు చదువు చదివేటప్పుడు తెలిసింది, పెదవి అతుక్కునేది రెండో నెలలోనేనట. ఐదో నెలలో వచ్చిన గ్రహణానికీ వాడి పెదవికీ సంబంధం లేదన్నమాట. ఆ రోజు నా పాపం పోయిందని హాస్టల్లో హాయిగా నిద్రపోయాను. చిన్నమ్మ మీద పడ్డ నింద సంగతి నాకు తోచనే లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

మొన్న బస్సు దిగి నేరుగా ఆమె దగ్గరికే పోయాను. మా వాడలో ఇప్పుడు అరుగులు లేవు, వాటి చోట బైకులు నిలబెడుతున్నారు. ఆ కార్ఖానా ఎప్పుడో ఎత్తేశారు. నాయినమ్మ పోయింది, సాంచెల దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చిన్నాయినా పోయాడు. చిన్నమ్మ ఎల్లిగడ్డలు ఒలుస్తూ కూర్చుంది.

"చిన్నమ్మా, గా దినం ఆకు కోసింది నేనని అందరికి చెప్త" అన్నాను.

"ఇప్పుడెవ్వలకు చెప్తవే? అన్నోళ్లు ఎవ్వలున్నరు?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు. ఇంకో ఎల్లిగడ్డ తీసుకుని, "మీ చిన్నాయిన పానం పోయేటప్పుడు గూడ అడిగిండు, గా దినం కత్తెర ఎందుకు వట్టినవే అని" అంది.

"నువ్వేమన్నవ్?"

"ఏమంటనే. తప్పయింది అని చెప్పిన."