కేలన్‌కు మిరా అక్కా, చెల్లెలా?

మొగిలయ్య కూతురు మధులత పదకొండేళ్లు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుంది. జావా బ్యాచ్ ఎప్పుడు, డెమో క్లాసు ఎప్పుడు అని వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయిన మనిషి. అలాంటిది ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆ కుర్చీ వదిలేసి పంజాగుట్టలో ఒక డబ్బింగ్ ఆఫీసులో చేరిందంటే గల్లీ అంతా ఆరా తీయకుండా ఎలా ఉంటుంది? వీడియో ఆటల్లో బొమ్మలు మాట్లాడే మాటలను తెలుగు చేసే పనట.

"బొమ్మలకు సుత మాటలు రాస్తరా? మస్తుగుంది నీ నౌకరి!" అని పక్కింటి రుద్రమ్మ బుగ్గలు నొక్కుకుంది.

నవ్వేవాళ్లు నవ్వారు గానీ, ఆ పని ఆమెకు ఊరికే రాలేదు. వాళ్లు తెలుగు చేస్తున్న ‘కారుమబ్బు కోట’ గురించి ఆమెకు తెలిసినంత ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. అది ఒక్క ఆట కాదు, పాతికేళ్లకు పైగా వస్తున్న ఆటల వరస. టీవీకి తగిలించి ఆడే పెద్ద ఆటలు నాలుగు. నడుమ నడుమ, అరచేతిలో పట్టే చిన్న మిషన్ కోసం తీసిన పక్క ఆటలు రెండు. మధులత ఆడినవి ఆ పక్క ఆటలే. చిన్నప్పుడు తమ్ముడు విక్రమ్ సందు చివర గేమ్ పార్లర్‌కు పోయి పెద్ద ఆటలు ఆడేవాడు. ఆ గడప ఆడపిల్లలు తొక్కేవాళ్లు కాదు. తమ్ముణ్ని అన్నానికి పిలవడానికి పోయినా ఆమె బయటే నిలబడి కేకేయాలి. దుబాయి నుంచి వస్తూ మేనమామ తెచ్చిన చేతి మిషనే ఆమెకు దక్కింది. బియ్యం డబ్బా పక్కన కూర్చుని ఆ రెండు ఆటలే ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు.

అందులో ఒకటి మిరా చిన్ననాటి కథ. తొమ్మిదేళ్ల పిల్ల, ఊరు తగలబడిపోతుంటే నెలల తమ్ముడు కేలన్‌ను చంకనేసుకుని, రెండో చేత్తో దీపం పట్టుకుని మంచులో నడుస్తుంది. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి ఆ ఆటలో కత్తి ఉండదు, యుద్ధం ఉండదు. నడవాలి, దాక్కోవాలి, పిల్లాడు ఏడవకుండా చూసుకోవాలి. వాడు ఏడిస్తే శత్రువులకు వినబడుతుంది. ఏడుపు మొదలవగానే మీట మూడుసార్లు నొక్కి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ మూడుసార్లు నొక్కాలి. అప్పుడు మిరా వాణ్ని ఊపుతుంది, వాడు ఊరుకుంటాడు. మధులత బొటనవేలికి ఆ లెక్క ఇప్పటికీ గుర్తే. విక్రమ్‌ను చంకలో మోసిన నడుము కూడా ఆమెదే కదా.

పెద్ద ఆటల్లో ఇదంతా ఉండదు. అక్కడ కేలన్ గడ్డం పెంచిన ఆరడుగుల యోధుడు. మిరా ముసుగు వేసుకున్న బక్కపలచని మనిషి. ఇంగ్లీషులో వాళ్లిద్దరూ తోబుట్టువులని తెలుస్తుందే తప్ప, ఎవరు ముందు పుట్టారో ఎక్కడా అనరు. ఇంగ్లీషువాళ్లకు ఆ అవసరం లేదు. మనకట్లా కుదురుతుందా? ఎవరు పెద్దో తేలకుండా నోరే పెగలదు.

అందుకే డబ్బింగ్‌లో అన్నిటికంటే ముందు పిలుపుల పట్టిక రాసుకుంటారు. ఎవరు ఎవరిని ఏమని పిలవాలి, ఎవరిని నువ్వు అనాలి, ఎవరిని మీరు అనాలి, అంతా అందులో ఉంటుంది. ఐదో పెద్ద ఆట మొదటిసారి తెలుగు మాటలతో రాబోతోంది. మధులత చేరకముందే ఎవరో బొమ్మలు చూసి పట్టిక రాసేశారు: కేలన్ పెద్ద, మిరా చెల్లెలు. మగవాడు, పైగా పొడుగు, ఇంకా ఆలోచించేదేముంది? కేలన్‌కు గొంతు ఇచ్చిన నటుడు ఆ లెక్కనే మొత్తం "చెల్లీ, చెల్లీ" అని చెప్పేసి చెన్నై వెళ్లిపోయాడు.

చేరిన మూడో నెలలో, సరిచూడమని ఆ పట్టిక చేతికి రాగానే మధులత కుర్చీలోంచి లేచింది. నేరుగా పెద్ద తలకాయ వంశీధర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, మిరా చెల్లె కాదు, అక్క. తొమ్మిదేండ్లు పెద్ద. ఆ పిల్లగాణ్ని ఎత్తుకొని పెంచిందే ఆమె."

వంశీధర్ కాఫీ కప్పు దించాడు. "ఎక్కడుందండీ అది?"

"చేతి మిషన్ ఆటల ఉంది సార్."

"అదా! అవి సైడు కథలు మధులత గారూ, అసలు కథ లెక్కలోకి రావు. వేరేవాళ్లెవరో తీసి అమ్ముకున్నారు."

"పేరు అదే, ఊరు అదే, మనుషులు వాళ్లే. మరి లెక్కలోకెందుకు రాదు సార్?"

అంతగా అడుగుతోందని అతను పరాయి దేశంలో ఉన్న ఆట కంపెనీకి మెయిల్ పెట్టాడు. నాలుగో రోజు జవాబొచ్చింది. పెద్ద ఆటల్లో ఉన్నదే కథ, చేతి మిషన్ ఆటలు విడిగా నిలబడతాయి, వయసుల సంగతి మీ భాషకు ఎలా వీలైతే అలా చూసుకోండి. అంతే. అటు అవుననలేదు, ఇటు కాదనలేదు.

"చూశారుగా? మనిష్టం అన్నారు. మన హీరో మళ్లీ నెలకు గానీ దొరకడు. పట్టిక కింద ‘కథ సరిచూసినది’ అన్నచోట సంతకం పెట్టేయండి. సోమవారంతో మీ మూడు నెలల ట్రయల్ అయిపోతోంది. నేను కూడా పైకి పంపాలి కదా మీ కాగితం" అన్నాడు వంశీధర్. చెడ్డవాడేం కాదు. తొందరలో ఉన్నాడు.

సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఇంటికి. కోచింగ్ సెంటర్‌లో పాత కుర్చీలో ఈపాటికి వేరే అమ్మాయి కూర్చుంది.

ఆ సాయంత్రం ఎర్రగడ్డలో తమ్ముడి ఇంటికి పోయింది. తన మాట ఒక్కరైనా అవునంటారేమోనని ఆశ. విక్రమ్ చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చున్నాడు.

"నువ్వు జర ఫికర్ తగ్గించుకో అక్కా. గా చేతి డబ్బా ఆటలు ఎవరు లెక్కపెడతరు? అసలు కథ పెద్ద ఆటలల్ల ఉన్నది. నాలుగు నేనాడిన, నాకు తెల్వదా?"

"నాలుగిట్ల ఎక్కడన్న మిరా చిన్నదని చెప్పిండ్రా?"

"చెప్పలే. కానీ చూస్తే తెలుస్తలేదా? వాడు ముందు నడుస్తుంటడు, ఆమె ఎనక నడుస్తుంటది."

మధులత లేచి చెప్పులేసుకుంది. తండ్రి పోయాక వాళ్ల ఇంట్లో పెళ్లి కార్డు మీదైనా, తద్దినానికైనా విక్రమ్ పేరే ముందు. వెనక నడిచేవాళ్లు చిన్నవాళ్లయిపోవడం ఆమెకు కొత్త కాదు.

సోమవారం మిరా గొంతు చెప్పడానికి స్వరాజ్యం గారు వచ్చారు. ముప్పై ఏళ్లు రేడియో నాటకాలకు, సీరియళ్లకు గొంతిచ్చిన మనిషి. మైకు పెట్టిన అద్దం గదిలో కూర్చుని కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది? ‘నోరు మూసుకుని తిను, గాయం నేను కడతా’ అంటోంది ఈ పిల్ల. అన్నను పట్టుకుని ఏ చెల్లెలైనా ఇలా అంటుందా? మా ఇంట్లో అనుంటే వీపు విమానం మోతే!"

"చెల్లె కాదు మేడం, అక్క."

"మరి పక్కన ‘అన్నయ్యా’ అని ఉందే?"

వంశీధర్ మైకులో కలగజేసుకున్నాడు. "గొంతు కొంచెం మెత్తగా పెట్టండి స్వరాజ్యం గారూ, గారాబంగా. సరిపోతుంది."

ఆవిడ మధులత వంక చూశారు. "నేను గొంతు అద్దెకిచ్చేదాన్నమ్మా. కాగితం మీద ఏముంటే అది చెబుతా. కాగితం నీది. ఏమనమంటావు?"

మధులత పట్టిక తీసుకుంది. ‘చెల్లెలు’ కొట్టేసి ‘అక్క’ అని రాసింది. కింద సంతకం చోటు ఖాళీగా వదిలి, వంశీధర్ చేతిలో పెట్టింది.

"తెలిసి తప్పు రాయలేను సార్. నా పేరు వేయొద్దు."

"పేరొక్కటే కాదండీ..." అని అతను ఆగిపోయాడు. ఆమెకు అర్థమైంది. సంచి సర్దుకుంటుంటే అద్దం గదిలోంచి స్వరాజ్యం గారి గొంతు మెత్తగా, గారాబంగా వినబడింది: "అన్నయ్యా, నోరు మూసుకుని తిను." ఎవరో ఫక్కున నవ్వారు. మళ్లీ చెప్పించారు.

ఇది జరిగి అయిదు నెలలు. మధులత అమీర్‌పేటలోనే ఇంకో కోచింగ్ సెంటర్‌లో చేరింది. ఇప్పుడు జావా బదులు పైథాన్ బ్యాచ్ అంటుంది, అంతే తేడా. "బొమ్మలు మాట్లాడుడు బంద్ చేసినయా?" అని రుద్రమ్మ ఒకసారి అడిగి, ఆ మొహం చూసి మళ్లీ అడగలేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే విక్రమ్ వచ్చాడు. ఐదో ఆట పూర్తిచేశాడట. చాయ్ కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"అక్కా, ఆఖర్న కేలన్‌కు బాణం తగుల్తది. మిరా ఒళ్లె పండవెట్టుకొని ఊపుతది. అంత పెద్ద మనిషిని పసిపిల్లగాని లెక్క! గట్లెందుకు చేస్తది?"

మధులత చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆఫీసుకు బొమ్మలన్నీ పంపేవాళ్లు కాదు. ఒక్క పిలుపు తప్ప మాటలు లేని ఆ చోటు ఆమె చూడనే లేదు.

"ఎట్ల ఊపుతది?"

"మూడుసార్లు ఊపి ఆగుతది. మల్ల మూడుసార్లు. ఊపుకుంట ‘అన్నయ్యా’ అంటది. నాకు మంచిగనిపియ్యలే అక్కా. ఏదో తప్పున్నది. ఆమె పెద్దది కదా?"

"అవును."

"మరి ముందుగాల చెప్పలేదేందే?"

"చెప్పిన రా."

విక్రమ్ తల వంచుకున్నాడు. "గా చేతి మిషన్ ఉన్నదా ఇంక? నేనాడుత" అన్నాడు.

బీరువాలో పాత చీరల కింద ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. ఛార్జర్ పెట్టారు, తీశారు, పత్తితో తుడిచి మళ్లీ పెట్టారు. దీపం వెలగలేదు. మరమ్మతుకు ఇస్తానని విక్రమ్ చెయ్యి చాపాడు గానీ ఆమె ఇవ్వలేదు. నల్లటి అద్దం వంక చూస్తూ, బొటనవేలితో మీట మూడుసార్లు నొక్కి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ మూడుసార్లు నొక్కింది.