పీక్యూఆర్ త్రిభుజం

నా కూతురి జామెట్రీ బాక్సు మూత తీయగానే కొత్త రబ్బరు వాసన తగిలింది. ఆ వాసనకు నా బడి గుర్తొచ్చి నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుత్తూరు దగ్గర మా ఊరి బడిలో, తొమ్మిదో తరగతిలో, త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై డిగ్రీలని ఒక్క స్టెప్పూ వదలకుండా నిరూపించాను. బొమ్మకు మాత్రం ఏబీసీ బదులు పీక్యూఆర్ అని పేరు పెట్టాను. లెక్కల సారు మొత్తం కొట్టేశాడు.

"గైడులో ఇట్ల యాడుండాది? ఏబీసీ అనే రాయల్ల," అని బెంచీ ఎక్కించాడు.

పేరు మారితే కోణాల మొత్తం కూడా మారిపోతుందని చాలాకాలం నమ్మాను. ఆయనకు తెలిసింది గైడే గానీ త్రిభుజం కాదని తర్వాతెప్పుడో అర్థమైంది.

పాప హోంవర్కు పుస్తకంలో త్రిభుజం గీసి ఆగింది. "అమ్మా, ఏబీసీ అనే పెట్టల్లంట. లేకుంటే మా సారు కొట్టేస్తాడు."

"పీక్యూఆర్ అని పెట్టు. రేపు మీ బడికి నేనూ వస్తా."