చివరిసారి చల్లారిన రాయి

మా మాస్టారు పోయారు. మొన్న పొద్దున్నే గోడ అవతల నుంచి పిన్ని, అంటే ఆయన భార్య, ఏడుపు కూడా రాని గొంతుతో పిలిచింది: “ఏమే, ఒకసారి రా. మీ మాస్టారు ఎంత పిలిచినా పలకట్లా.” వెళ్ళాను. పలకలేదు. బతికున్నప్పుడు మాత్రం అడిగినదానికి ఏనాడు తిన్నగా పలికారు గనక అని, ఆ దుఃఖంలోనూ విసుగొచ్చింది.

కాలేజీలో నాకు భూగర్భశాస్త్రం చెప్పింది ఆయనే. రిటైరయ్యాక మాచర్లలో మా పక్కింట్లోనే దిగారు. “మాస్టారూ, ఈ రాయి వయసెంత?” అంటే “ఎవర్నడిగి చెప్పమంటావమ్మా?” అనేవారు. బడిలో పిల్లలకు నేను ఏదో ఒక అంకె చెప్పాలా వద్దా!

ఒక్క విషయంలోనే ఆయనకు గట్టి నమ్మకం. ఎడ్లపాడు కొండరాయి ఈ దేశంలోని బహు పాత రాళ్ళలో ఒకటని, భూమి లోపలి వేడికి రెండుసార్లు ఉడికి రూపు మారిందని. తోటివాళ్ళు కాదన్నారు. అప్పుడే వయసు తేల్చే కొత్త పద్ధతి వచ్చింది. రాతిలోని అభ్రకంలో ఒక వాయువు కొద్దికొద్దిగా పోగవుతుంది; అదెంతో చూసి వయసు కడతారు. రాయి బాగా కాలితే వాయువు జారిపోతుంది, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆ కొండ నుంచి బస్సులో మోసుకొచ్చి అరుగు మీద పెట్టుకున్న రాతి నుంచి ముక్క కొట్టి, మాస్టారు విదేశానికి పంపారు. చాన్నాళ్ళకు జవాబొచ్చింది: రాయి ఆయన అన్నంత పాతది కాదు.

పిన్ని కాఫీ ఇస్తూ తాపీగా అంది. “అరుగు మీద రాయేనా? మీరు కొండలెమ్మట తిరగబోయినప్పుడు చలికాలమంతా నీళ్ళపొయ్యిలో కాగు కింద పెట్టాగా. మీరొచ్చేలోపు మసి తోమి పెట్టేశా.”

“రాయిని పొయ్యిలో పెట్టటమేందే!”

“ఇంకేం పెట్టమంటారు? మనూరి నాపరాయి మంట తగిలితే టపీమని పేలుద్ది. ఇది ఉలకదు పలకదు, మీకుమల్లే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. “పొయ్యి వల్లే లెక్క చెడిందని రాయండి మాస్టారూ, మీ మాట నిలుస్తుంది” అన్నాను.

“పొయ్యి మంటకు పోయిందెంతో, భూమి మంటకు పోయిందెంతో నాకేం తెలుసు? అసలు నేనే తప్పేమో.”

పొయ్యిలో కాలింది గనక ఆ ముక్క లెక్కలోకి రాదని మాత్రం రాసి ఊరుకున్నారు. తోటివాళ్ళు ‘వంటింటి రాయి మాస్టారు’ అని పేరు పెడితే తనూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఇంకో ముక్క తెద్దామని ఎంత పోరానో! “పోదాంలే. కొండ యాడికి పోద్ది?” అనేవారు. “కొండ పోదు, మనమే పోతాం” అనేది పిన్ని. ఒకసారి మోకాళ్ళు, ఒకసారి ఎండలు, ఒకసారి వానలు. రెండో జవాబంటే భయమా? బద్ధకమా? తెలియకపోవటమే ఆయనకు హాయా? ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి మాత్రం నిజం: క్లాసులో అంకె చెప్పబోయి ఇప్పుడు ఒక క్షణం ఆగుతున్నాను. ఆ ఆగటం ఆయన పెట్టిన భిక్షే.

“చెడింది ఎటూ చెడింది, నీళ్ళన్నా కాగనీ” అని మిగిలిన రాయిని పిన్నికే ఇచ్చేశారు. మొన్న ఆయన చివరి స్నానానికి నీళ్ళు ఆ పొయ్యి మీదే కాచాం. అందరూ వెళ్ళాక పెరట్లోకి వచ్చాను. కాగు ఖాళీగా ఉంది. మంట ఆరి చాలాసేపయింది. రాతి మీద చెయ్యి వేశాను.

ఇంకా చల్లారలేదు.