ముక్క కొట్టందే మిషన్ కదలదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నిజమే. ఆ కోపంలో చాలామందిని చాలా మాటలు అన్నాను, చాలావరకు మర్చిపోయాను కూడా. మా ఆపరేటర్‌ని అన్న ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక ప్రింటింగ్ షాపులో నేను డిజైనర్‌ని. ఫ్లెక్సీలు, స్టిక్కర్లు, కరపత్రాలు, షాపుల బోర్డులు, ఫలితాలొచ్చే నెలలో కోచింగ్ సెంటర్ల ర్యాంకుల బ్యానర్లు, అన్నీ చేస్తాం. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. డిగ్రీ తర్వాత డిజైన్ కోర్సు చేసి, రంగుల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్న ధీమాతో ఆరేళ్ల కింద ఈ షాపులో చేరాను. ఆ ధీమా మొదటి రోజు మధ్యాహ్నం దాకా బాగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే మిషన్ నడిపే ఆపరేటర్‌తో గొడవైంది. ఆయనది నల్లగొండ దగ్గర పల్లె. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, అప్పటికే ఆరేళ్లుగా ఈ షాపులో ఉన్నాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. నేను ఫైల్ పంపితే ప్రింట్ కొట్టాలి కదా, కొట్టడు. ముందు అరచేయంత ముక్క మీద అదే రంగును కాస్త ముదురుగా, కాస్త లేతగా ఎనిమిది గళ్లు చేసి తీస్తాడు. ఒక్కో గడి కింద నీలం ఎంత, మెజెంటా ఎంత, పసుపు ఎంత, నలుపు ఎంత అని నంబర్లు ఉంటాయి. కస్టమర్ ఒక గడికి టిక్కు పెట్టి, కింద సంతకం చేయాలి. అప్పుడే మిషన్ కదులుతుంది.

"మానిటర్ మీద నేను చూసే పంపాను కదా అన్నా," అన్నాను.

"చూసిన్రు మేడం. గని కస్టమర్ మానిటర్ తీస్కపోడు గద, బోర్డు తీస్కపోతడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

కస్టమర్లకూ మండేది. పుట్టినరోజు ఫ్లెక్సీకి సంతకాలేంది భై అని విసుక్కునేవాళ్లు. ఆయన నవ్వుతూ పెన్ను చేతికిచ్చేవాడు. పైగా ప్రశ్నలు. ఎరుపు కావాలంటే, ఎట్లాంటి ఎరుపు, కుంకుమ లెక్కనా, టమాట లెక్కనా, బస్సు లెక్కనా అని అడిగేవాడు. వాళ్లు చెప్పిందంతా ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. కోసిన జామ లోపలి రంగు, కొత్త ఇత్తడి చెంబు, ఉతికిన ఖాకీ నిక్కరు, ఇలా ఉండేవి అందులో పేర్లు. ఒక్కో పేరు పక్కన నాలుగు నంబర్లు. నేను మొదట్లో ఆ నోట్‌బుక్ చూసి నవ్వేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆయన లేనప్పుడు దొంగతనంగా దాన్నే తెరిచేదాన్ని.

పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి తరలిపోయాక ఒక పండ్ల వ్యాపారి కొత్త చోట పెట్టుకోవడానికి బోర్డు కావాలని వచ్చాడు. సంచిలోంచి మామిడిపండు తీసి టేబుల్ మీద పెట్టి, ఇదే రంగు కావాలన్నాడు. మా ఆపరేటర్ ఆ పండును అటూ ఇటూ తిప్పలేదు. వాసన చూశాడు, బొటనవేలితో మెల్లగా నొక్కాడు.

"మూడు దినాలైతే దీని రంగు మారుతది. ఏ దినం రంగు గావాలె మీకు?" అని అడిగాడు.

వ్యాపారి కాసేపు ఆలోచించి, రేపటిది అన్నాడు. మా ఆపరేటర్ పదహారు పసుపులు కొట్టి ముందర పరిచాడు. మర్నాడు వ్యాపారి అదే పండు పట్టుకొచ్చి ఒక్కో గడి పక్కన పెట్టి చూసి, తొమ్మిదో దానికి టిక్కు పెట్టాడు. ఆ బోర్డు చూసి ఇంకో నలుగురు వ్యాపారులు మా షాపుకు వచ్చారు.

ఆయన పనితనం చూస్తుంటే నాకు ముచ్చటేసేది, ఇది దాచుకోవలసిన సంగతేం కాదు. ప్రింట్ మీద వెంట్రుకంత గీత పడినా అందరికన్నా ముందు ఆయనే పట్టేవాడు. మిషన్ చప్పుడు విని సిరా చిమ్మే ఏ హెడ్డు మూసుకుపోతోందో చెప్పేవాడు. ఎల్‌బీ నగర్ వైపు పడమటి ఎండకు ఎదురుగా ఉండే బోర్డయితే రెండేళ్లకు ఎంత వెలుస్తుందో లెక్కేసి, ముందే రంగు ఒక పిసరు ఎక్కువ పెట్టేవాడు. ఒక బట్టల షాపువాళ్లు నాలుగేళ్ల తర్వాత రెండో బ్రాంచి తెరిస్తే, పాత బోర్డూ కొత్త బోర్డూ పక్కపక్కన పెట్టినా తేడా తెలియలేదు. మా ఓనర్‌ని అందరం సేటు అంటాం. సేటు ఎవర్నీ పొగిడే మనిషి కాదు. ఆయన కూడా ఆ రోజు రెండు బోర్డుల మధ్య నిలబడి తల ఊపాడు.

అందుకే షాపుకు యూవీ మిషన్ వచ్చినప్పుడు దాన్ని ఎవరికి అప్పగించాలన్న మాటే రాలేదు. అది పెద్ద బల్లలా ఉంటుంది. అక్రిలిక్, గాజు, చెక్క, ఏది పరిచినా దాని మీదే ప్రింట్ చేస్తుంది. సిరా పడిన మరుక్షణం యూవీ లైటు తగిలి ఆరిపోతుంది, చేత్తో రుద్దినా పోదు. ఆపరేటర్ దాని కోసం గదిలో చెప్పులు కూడా వేసుకునేవాడు కాదు.

ఎల్‌బీ నగర్‌లో కొత్తగా తెరవబోతున్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి బోర్డులు మేమే చేస్తున్నాం. మంటలార్పే సిలిండర్ల దగ్గర పెట్టే ఎర్ర బోర్డులు ముందు వారమే ఇచ్చేశాం. బయటకు దారి చూపించే ఆకుపచ్చ బోర్డులు నలభై మిగిలాయి. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. ఆ రాత్రే గోడలకు అంటించాలి. నేను ఎర్ర బోర్డు ఫైల్ తెరిచి అక్షరాలు, బాణం గుర్తు మార్చి సేవ్ చేశాను. తర్వాత రంగు ఆకుపచ్చ చేసి ఇంకో పేరుతో సేవ్ చేశాను. పంపేటప్పుడు హడావిడిలో మొదటిది పంపాను.

ఆయన నా టేబుల్ దగ్గరకొచ్చి, "మేడం, గీ ఫైల్‌ల రంగుల నంబర్లు కనబడ్తలేవు, అంత ఒక్క బొమ్మ లెక్క ఒచ్చింది. ముక్క కొడదామా?" అని అడిగాడు.

"టైం లేదన్నా. నేను చూశాను కదా, కొట్టేయండి," అన్నాను.

అన్నం తిని వచ్చేసరికి నలభై బోర్డులూ గోడవార పేర్చి ఉన్నాయి. మధ్యమధ్య కాగితం పెట్టి, అంచులు తుడిచి, పెళ్లి చీరలు సర్దినంత పొందికగా పెట్టాడు. అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"జబర్దస్త్ ఒచ్చినయ్ మేడం. ఒక్క గీత లేదు," అన్నాడు.

నాకు నోరు లేచింది. "కళ్లున్నాయా లేవా అన్నా మీకు? పక్కనే నిలబడి దారి చూపించే బోర్డులు నలభై ఎర్రగా కొట్టేశారు. ఒక్కసారైనా కనబడలేదా?"

ఆయన ఒక బోర్డు చేతిలోకి తీసుకుని దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి కంగారు లేదు, ఇంకేదో ఉంది. "ఇది ఎరుపా?" అని అడిగాడు.

వెటకారం అనుకున్నాను. కాదని ఆయన మొహం చూస్తే అర్థమైంది.

"నాకు ఎరుపు, ఆకుపచ్చ రెండు ఒక్క తీరే కనబడ్తయి మేడం. మట్టి లెక్క. చిన్నప్పటి సంది అంతే. మిరప చేన్ల పండు మిర్చి తెంపుకరమ్మంటే పచ్చియి గుడ తెంపుకపోయిన. ఆటలాడుతున్ననని మా నాయిన రెండు ఏసిండు. ఇంట్ల మా ఆడమనిషికి తప్ప ఎవరికి తెల్వది. గందుకే ముక్క కొడ్త. గందుకే నంబర్లు రాసుకుంట. ఇయ్యాల మీరు జూసిన్నంటే, మీ కండ్లు ఉన్నయ్ గదా అనుకున్న."

కుంకుమ లెక్కనా టమాట లెక్కనా అని ఆయన అడిగినవన్నీ గుర్తొచ్చాయి. మామిడిపండును కంటితో కాక ముక్కుతో చూడటం గుర్తొచ్చింది. నేను గొప్ప క్రమశిక్షణ అనుకున్నదంతా ఆయనకు ఊతకర్ర. పన్నెండేళ్లు దాని మీద నిలబడి, రంగులు చూడగలిగే మా అందరికన్నా బాగా రంగులు వేశాడు. నేనేమో కళ్లున్నాయా అని అడిగాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"సేటుకు తెలిస్తే మిషన్ మీదికెల్లి దింపుతడు. ఫ్రేములకు మేకులు కొట్టుకుంట బతకాలె. చెప్పుడు చెప్పకపోవుడు మీ ఇష్టం," అన్నాడు.

ఇంకా మాట అయిపోకుండానే సేటు వచ్చాడు. బోర్డులు చూసి ఆగిపోయాడు. ఫైల్ తప్పు నాదేనని చెప్పాను. ఆయన అంతటితో వదల్లేదు.

"నీది సరే. మిషన్ కాడ నిలబడ్డోనికి కనబడలేదా?"

ఆపరేటర్ నోరు తెరవబోయాడు. నేనే ముందు అన్నాను. "ఆయన అడిగారు సార్. కస్టమర్ ఎరుపే కావాలన్నారని నేనే చెప్పాను."

అబద్ధం. దాని మీద సేటు పదినిమిషాలు అందరి ముందూ నన్ను దులిపేశాడు. నాలాంటి దానికి నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. ఆ తిట్ల మధ్యలోనే ఆపరేటర్ ఒక బోర్డు తిప్పి వెనక వైపు గీరి చూశాడు. "సేటు, ఇది తెల్ల అక్రిలిక్. ఎనక గుడ తెలుపే. గోడకు అంటిచ్చేటియే గద, ఎనక దిక్కు కొడ్త. ముందటిది గోడ దిక్కు పోతది," అన్నాడు. సేటు తిట్టడం ఆపాడు. ఈసారి ఆపరేటర్ ముక్క కొట్టి నాకిచ్చాడు, నేను టిక్కు పెట్టాను. చీకటి పడకముందే నలభై ఆకుపచ్చ బోర్డులు ఎల్‌బీ నగర్ బయలుదేరాయి.

గండం గడిచిందనుకున్నాను. మర్నాడు వచ్చేసరికి యూవీ గది తలుపు మూసి ఉంది. ఆపరేటర్ మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్నాడు.

"చెప్పేసిన మేడం. మీరు నాకోసం మాటలు పడ్డరు, మనసున పట్టలే. ఫోన్ చేసే దాక ఇంట్ల ఉండుమన్నడు సేటు," అని వెళ్లిపోయాడు.

రెండు రోజులు తెలిసినవాళ్ల షాపు నుంచి ఇంకో ఆపరేటర్ వచ్చాడు. అతను బాగానే పనిచేశాడు, ఉన్నమాట చెప్పాలి. కానీ నాకు ఆ గదిలోకి వెళ్లబుద్ధి కాలేదు. సేటు కొత్త మనిషి కోసం ఎవరికో ఫోన్ చేస్తుండగా విన్నాను. మూడో రోజు ఇక ఆగలేకపోయాను.

మా షాపులో చెడిపోయిన పనులు, కస్టమర్లు తిప్పిపంపినవి మెట్ల కింద పడేస్తాం. దుమ్ము దులుపుకుంటూ అన్నీ బయటకు లాగి సేటు టేబుల్ ముందు వరసగా పరిచాను. పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడ్డది, అది నాది. కొలత తప్పింది, అదీ నాదే. ఫొటో తలకిందులైంది, పాత డిజైనర్‌ది. తేదీ మారింది, కస్టమర్‌ది. చిరిగినవి, ముడత పడ్డవి ఇంకొన్ని.

"ఏందిదంత?" అన్నాడు సేటు.

"వీటిలో రంగు తప్పి తిరిగొచ్చింది ఒక్కటి చూపించండి సార్. పన్నెండేళ్లలో రంగు తప్పిన పని ఒకే ఒక్కటి. అది కళ్లు బాగా కనబడే నేను, చూశానని చెప్పి పంపింది. నేను మీకు అబద్ధం కూడా చెప్పాను. ఇంట్లో కూర్చోబెట్టాలంటే నన్ను కూర్చోబెట్టండి."

ఏడుపు వచ్చింది, కోపం వల్ల అనుకోమని మొహం తిప్పుకున్నాను. సేటు లేచి ఒక్కో బోర్డూ కాలితో జరుపుతూ చివరిదాకా చూశాడు. వెనక్కి వచ్చి కూర్చుని ఫోన్ తీశాడు.

"రేపు పొద్దుగాల రా," అన్నాడు అందులో. "పెండింగ్ చానుంది. జల్ది రా."

ఆయన వచ్చాడు. చెప్పులు బయట విప్పి, మిషన్ బల్లను తడిబట్టతో తుడుచుకున్నాడు. పదకొండు గంటలకు స్వీటు షాపు ఓనర్ ఒకాయన గాజు తలుపు మీద బొమ్మ వేయించుకోవడానికి వచ్చాడు. తనతో తెచ్చుకున్న మిఠాయి డబ్బా మీది అంచు రంగే కావాలన్నాడు. సేటు పక్కనే ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉన్నారు. మా ఆపరేటర్ డబ్బాను చేతిలోకి తీసుకుని, నా వైపు తిరిగి, అందరికీ వినబడేలా పిలిచాడు.

"చెల్లె, జర గిట్ల చూడు. ఇది ఎరుపా, ఆకుపచ్చా?"

స్వీటు షాపాయన నవ్వాడు. ఆపరేటర్ కూడా నవ్వాడు. పన్నెండేళ్లు ఈ సందులో ఒక్కరిని కూడా అడగలేకపోయిన ప్రశ్న అది.

"ఆకుపచ్చ అన్నా," అన్నాను.