పంపు మీద తడి తువ్వాల

2012 జనవరిలో నన్ను దుబాయ్ అల్ కుసైస్‌లోని మా వర్క్‌షాపులో పాత కార్ల విభాగానికి ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందు మూడేళ్ళు అక్కడే కొత్త కార్ల సర్వీసింగ్ చూశాను. దానికి ముందు ఇరవై రెండేళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో గడిచాయి. ఇన్‌ఛార్జి అనగానే పెద్ద హోదా అనుకోకండి. కింద ముగ్గురు మెకానిక్‌లు, పైన మేమంతా ముదీర్ అని పిలిచే మేనేజరు, మధ్యలో నేను. పెరిగిందల్లా చొక్కా ఇస్త్రీ ఖర్చే.

మా విభాగానికి వచ్చే కార్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆర్థర్ అనే ఇంగ్లీషు పెద్దమనిషిది. ఆయనకు డెబ్బై దాటాయి. కారు 1965 నాటి రెండు తలుపుల బ్రిటిష్ సెలూన్. సెలూన్ అంటే రేసు కోసం పుట్టిన బండి కాదు. పైకప్పు, వెనక సీటు, డిక్కీ ఉండి, పిల్లాజెల్లను ఎక్కించుకు తిరిగే ఇంటి కారు. అలాంటి కార్ల ఇంజన్లకు పదును పెట్టి పోటీకి దింపడం అరవైల్లో ఇంగ్లండులో పెద్ద వేడుకట. ఇంటి ముందు నాన్న ఆపుకునే కారే ట్రాక్ మీద దూసుకుపోతుంటే కంచె పట్టుకుని గొంతు పోయేలా అరిచేవాళ్ళమని ఆర్థర్ మా టీ తాగుతూ చెప్పేవాడు. మలుపులో లోపలి ముందు చక్రం నేలను వదిలేసేదట. అలా మూడు చక్రాల మీద పోతూనే తనకంటే రెండింతలు పెద్ద ఇంజను ఉన్న అమెరికా కార్లను తరిమేదట. అంబాసిడర్ల మధ్య పెరిగినవాణ్ణి, ఆ సంబరం నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన కుర్రతనంలో నాలుగు సీజన్లు ఆ కార్లే నడిపి, ముసలితనంలో ఇక్కడి ఎడారి ట్రాక్ మీద పాత కార్ల పోటీలకు మళ్ళీ హెల్మెట్ పెట్టాడు.

ఆ కారు పని చూసేది రాజన్న. జగిత్యాల దగ్గర పల్లె. గల్ఫ్‌లో పద్నాలుగేళ్ళ అనుభవం. మాట తక్కువ, చెయ్యి నేర్పు ఎక్కువ.

మార్చిలో మా మొదటి పోటీ జరిగింది. పొద్దున్నే స్క్రూటినీ అనే తనిఖీ ఉంటుంది. అధికారులు బ్రేకులు, బెల్టులు, పెట్రోలు కారడం, బానెట్ పిన్నులు చూసి, అన్నీ సరిపోతే అద్దం మీద స్టిక్కరు అంటిస్తారు. అదయ్యాక, రేసుకు ఇరవై నిమిషాల ముందు కార్లన్నిటినీ వరసలో నిలబెడతారు. రేసుకు ఇక ఐదు నిమిషాలే ఉందని బోర్డు చూపించేదాకా మెకానిక్ కారు పక్కన ఉండవచ్చు. ఆ తర్వాత ఉండకూడదు. మాకు చిక్కు వచ్చింది ఆ ఇరవై నిమిషాల్లోనే. వేడెక్కిన ఇంజను ఆగి ఉంటే దాని సెగంతా పక్కనున్న పెట్రోలు పంపుకి తగులుతుంది. పంపులో పెట్రోలు ఆవిరైపోతే ఇంజనుకి అందదు. మన డ్రైవర్లు దీన్నే ఎయిర్ లాక్ అంటారు.

రాజన్న బానెట్ ఎత్తి, తన భుజం మీది తువ్వాల నీళ్ళలో ముంచి పిండి, పంపుకి చుట్టబోయాడు. మే నెల బెజవాడలో అంబాసిడర్ టాక్సీవాళ్ళు అందరూ చేసే పని అదే. నేను వెయ్యిసార్లు చూశాను, చేశాను కూడా. కానీ అటూ ఇటూ తెల్లవాళ్ళ జట్లు, మెరిసే పనిముట్ల పెట్టెలు, ఒకేరకం చొక్కాలు. పక్క జట్టులో ఒకతను మావైపు చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది ఆటోనగర్ కాదయ్యా. తీసెయ్" అన్నాను.

"పంపు కాగుతున్నది సార్. జెర ఉండనియ్యుండ్రి" అన్నాడు రాజన్న.

నేను మళ్ళీ తీసెయ్యమన్నాను. తీసేశాడు. కారు రెండో చుట్టులో దగ్గి ఆగిపోయింది. తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. అరగంట నీడలో ఉంచాక తాళం తిప్పీ తిప్పగానే స్టార్టయింది. చల్లారాక దానంతటదే స్టార్టయ్యే కారుకి ఏ జబ్బో చిన్న మెకానిక్‌కి కూడా తెలుస్తుంది.

మర్నాడు ముదీర్ పిలిచాడు. కార్బురేటర్లు బిగించింది రాజన్న కాబట్టి తప్పు రాజన్నదే అని తేల్చేశాడు. ఖలాస్, నెలాఖరుకి వీసా క్యాన్సిల్, ఇంటికి పంపేస్తానన్నాడు. రాజన్న తల వంచుకుని నిలబడ్డాడు. తువ్వాల మాట ఎత్తలేదు, నావైపు కన్నెత్తి చూడలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆ రెండు రోజులు అన్నం సయించలేదని రాస్తే గొప్పకి రాసినట్టుంటుంది. బాగానే తిన్నాను. కానీ రాజన్న ఎదురైతే పక్కకి తప్పుకు నడిచాను.

మూడో రోజు మధ్యాహ్నం కారుని యార్డులో ఎండలో నిలబెట్టి, ఇంజను బాగా కాగేదాకా నడిపి ఆపాను. పావుగంటకి పెట్రోలు గొట్టం మధ్య ఉండే గాజు గిన్నె ఫిల్టరులో బుడగలు లేచాయి. రాజన్నను పిలిచి, నీ పద్ధతిలో చెయ్యమన్నాను. అతను ముందు డిస్ట్రిబ్యూటర్‌కి పాలిథిన్ కప్పాడు, నీళ్ళు పడితే కరెంటు పోతుందని. పంపుకి, అక్కణ్ణుంచి కార్బురేటర్ దాకా గొట్టానికి తడిబట్ట చుట్టాడు. రెండు నిమిషాలకోసారి బట్ట మార్చాడు. బుడగలు ఆగిపోయాయి. బెజవాడ ఉక్కలో కంటే ఎడారి పొడిగాలిలో తడి త్వరగా ఆరుతుంది, అంతకంత చల్లబరుస్తుంది.

అక్కణ్ణుంచి నేరుగా ముదీర్ గదికి వెళ్ళాను. తువ్వాల తీయించింది నేనేనని, రాజన్న వద్దన్నా వినలేదని చెప్పి, అదే కాగితం మీద రాసిచ్చాను. ముదీర్ చాలాసేపు చదివాడు. ఏప్రిల్‌లో సీజన్ ఆఖరి పోటీ ఉంది, అప్పటిదాకా రాజన్నను ఉంచుతాను, అందులోనూ కారు ఆగితే ఇద్దరి వీసాలూ క్యాన్సిలే అన్నాడు. నేను సరేనన్నాను.

ఏప్రిల్ ఎండ మార్చి కంటే ముదిరింది. పెట్రోలు గొట్టాన్ని సైలెన్సర్ పైపుకి దూరంగా జరిపి కొత్త క్లిప్పులు వేశాం. దుబాయ్ పాతబస్తీలోని నైఫ్ బజారులో నాలుగు నూలు తువ్వాళ్ళు కొన్నాం. తనిఖీలోనే ప్రధాన అధికారికి చీటీ ఇచ్చి, వరసలో ఉండగా తడిబట్ట వాడవచ్చా అని అడిగాను. బోర్డు చూపేసరికి బట్ట మీతోపాటు బయటికి వచ్చెయ్యాలి, అంతే అన్నాడాయన.

వరసలో రాజన్న పని మొదలుపెట్టాడు. ఈసారి నేను పక్కనే బకెట్ పట్టుకుని నిలబడ్డాను, ఇస్త్రీ చొక్కాతో సహా. పది నిమిషాలు గడిచేసరికి, పోయిన నెల నవ్విన జట్టు మనిషి వచ్చాడు. వాళ్ళ కారు ఇంజను తడబడుతోందట, ఒక తువ్వాల ఇస్తారా అని అడిగాడు. రాజన్న నావైపు చూశాడు. ఇమ్మన్నాను. ఇచ్చి ఊరుకోకుండా ఎక్కడ చుట్టాలో కూడా చూపించి వచ్చాడు.

బోర్డు లేచింది. బట్టలు తీసి, పాలిథిన్ తీసి, బానెట్ మూసి, పిన్నులు బిగించి ట్రాక్ పక్క గోడ ఇవతలికి వచ్చాం. ఇరవై నిమిషాల రేసు. మా కారు ఎనిమిదో స్థానం నుంచి బయల్దేరింది. రెండో చుట్టు వచ్చినప్పుడు రాజన్న కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు గానీ గోడని గట్టిగా పట్టుకున్నాను. కారు మా ముందునుంచి గొంతు మారకుండా వెళ్ళిపోయింది. ఐదో చుట్టుకి నాలుగో స్థానం. ఏడో చుట్టుకి మూడు. ఆఖరి మలుపులో ముందు చక్రం గాల్లోకి లేచింది, ఆర్థర్ చెప్పినట్టే. అలా మూడు చక్రాల మీద ఓ పెద్ద అమెరికా కారు లోపలి వైపునుంచి దూరి ముందుకొచ్చేసింది. మొత్తం మీద రెండో స్థానం, మా సైజు ఇంజన్ల తరగతిలో మొదటిది. నా జీవితంలో అంత గట్టిగా అరిచింది లేదు.

ఆర్థర్ హెల్మెట్ తీసి, నన్ను దాటుకుని వెళ్ళి రాజన్న చెయ్యి పట్టుకున్నాడు. బహుమతి వేదిక మీదకి తనతోపాటు అతన్నే ఎక్కించి, కప్పు అతని చేతికిచ్చాడు. ముదీర్ కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. దిగి వచ్చాక రాజన్న నాతో అన్నది ఒక్కటే మాట.

"మంచిగ ఉరికింది సార్."

రాజన్న తర్వాత ఆరేళ్ళు అదే విభాగంలో పనిచేశాడు. నేను 2017లో రిటైరయ్యేటప్పుడు ఇన్‌ఛార్జి కుర్చీకి అతని పేరే రాసి వచ్చాను.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. పైవాడు తప్పు ఆదేశమిస్తే దాని ఫలితం కిందివాడి మెడకి చుట్టుకుంటుంది, కిందివాడు సాధారణంగా నోరు విప్పడు. కాబట్టి విప్పాల్సింది పైవాడే, అదీ ఆలస్యం చేయకుండా. ఆ కారు జబ్బు కుదర్చడానికి మాకు ఒక పూట సరిపోయింది. తప్పు నాదని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.