ఆలివ్ మాటలు

మా వింగ్‌ఫోల్డ్‌లో ఆలివ్ గాథర్‌కోల్ ముప్పై ఏళ్లు ఒకే ఇల్లు తుడిచింది. ఆ ఇల్లు నవలలు రాసే కాన్‌స్టెన్స్ ఏవర్లీ గారిది. ఆవిడ పుస్తకం వస్తే దేశమంతా చదివేది. మా ఊరూ చదివేది కానీ ఆవిడ ముందు ఆ ఊసెత్తేది కాదు. ఎదుటివాళ్ల పని గురించి మొహమ్మీద మాట్లాడటం మా దగ్గర మర్యాద కాదు. నాలుగో నవలలో ఒక పోస్టుమాస్టరమ్మ ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ కెటిల్ ఆవిరికి విప్పి చదువుతుంది. ఊళ్లో పోస్టాఫీసు నడిపేది నేనొక్కదాన్నే. అయినా నవ్వుతూనే ఆవిడకు స్టాంపులు అమ్మాను. మా పోస్టాఫీసులో అసలు కెటిలే లేదు.

ఆలివ్ సంగతి వేరు. పదకొండింటికి టీ తాగుతూ ఆవిడకు ఊరి కబుర్లన్నీ చెప్పేది. భర్త హెర్బర్ట్ పోయిన వారానికి ఆయన చివరి మాటా చెప్పింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి, ఆఖరున ఆమె చెయ్యి పట్టుకుని, "కోళ్లగూడు తలుపేశావా?" అన్నాడట. అంతే. ప్రేమ మాటలు ఆయనకు చేతకావు. ఆ ఒక్క మాటనే ఆలివ్ గుండెల్లో దాచుకుంది.

రెండేళ్లకు కొత్త నవల వచ్చింది. అందులో తాగుబోతు కల్నల్ ఒకడు మెట్లమీంచి దొర్లిపడి, సరిగ్గా అదే మాట అని చస్తాడు. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. మా పబ్బులో గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా ఎవడో ఒకడు ఆ మాట అనేవాడు.

ఆలివ్ ఆ పేజీని ఊరికి పుస్తకాలు తెచ్చే లైబ్రరీ వ్యాన్ దగ్గర నిలబడి చదివింది. మొహం పాలిపోయింది. పుస్తకం మూసి తిరిగిచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పని మానెయ్యవే," అన్నాను.

"మానేస్తే ఆ ఇత్తడి గొళ్లేలు ఎవరు తోముతారు?"

"పోనీ వెళ్లి అడిగెయ్."

"ఛ, ఏం బావుంటుంది మేవిస్!"

అడగలేదు. మాట్లాడటం మాత్రం మానేసింది. పదహారేళ్లు "అవునమ్మగారూ", "లేదమ్మగారూ" తప్ప ఆ ఇంట్లో ఆమె నోటివెంట మాట రాలేదు. ఏవర్లీ గారి నవలలు చప్పబడ్డాయి. పాత్రలు నోరు తెరిస్తే ప్రభుత్వ ప్రకటన చదివినట్టుందని పత్రికలు రాశాయి. చివరికి ఆవిడే దిగొచ్చింది.

"ఆలివ్, నామీద కోపమా?"

"అబ్బే, లేదమ్మగారూ."

"మరి మాట్లాడవేం?"

"తుడవడానికే కదమ్మా పెట్టుకున్నారు."

ఆవిడ చేతిలో కలం పక్కన పెట్టింది. "హెర్బర్ట్ అన్న ఆ మాట..." అని మొదలుపెట్టింది.

"కాస్త కాళ్లెత్తండమ్మా, కింద తడిగుడ్డ పెట్టాలి," అంది ఆలివ్.

ఆ మరుసటి ఏడు ఏవర్లీ గారు పోయారు. ఆ ఉదయం మంచం పక్కన ఉన్నది ఆలివ్ ఒక్కతే. మధ్యాహ్నానికల్లా లండన్ నుంచి పత్రికలవాళ్లు దిగారు. ఉత్తరాలిచ్చే నెపంతో నేనూ అక్కడే నిలబడ్డాను.

"చివరగా ఏమైనా అన్నారామ్మా?" అని వాళ్లలో ఒకడు అడిగాడు.

"అన్నారు."

అందరూ కలాలు తీశారు. నేనైతే ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పి కసి తీర్చుకునేదాన్ని. అంతకంటే మంచి అదను మళ్లీ దొరకదు.

"ఏమన్నారు?"

"నాతో అన్నారు బాబూ," అంది ఆలివ్.